రెండేళ్ళకే బయటి రంగు పెచ్చులూడుతోంది: మళ్ళీ వేయించే ముందు ఏమేం చూడాలి?

లాసన్స్‌బే మేడ | శుక్రవారం, రాత్రి 9:10

విశాఖ లాసన్స్‌బే కాలనీలో జీ ప్లస్ వన్ ఇల్లు, తూర్పు ముఖం. సముద్రం దగ్గరే. ఇటుక గోడ, సిమెంటు ప్లాస్టింగ్, దాని మీద వైట్ సిమెంటు లప్పం, ప్రైమర్ ఒక కోటు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు. వేసి రెండేళ్ళయింది. ఇప్పుడు ఇలా ఉంది:

తూర్పు గోడ అరచేతంత పెచ్చులుగా ఊడుతోంది. దక్షిణాన పై అంతస్తు బాత్రూమ్ వెనక పొక్కులు. ఉత్తరాన సజ్జల కింద నల్లటి చారలు. ఇంటి చుట్టూ నేల నుంచి రెండడుగుల వరకు తెల్లటి పొడి, రంగు పొరలు లేస్తున్నాయి. సజ్జల అడుగున రెండు చోట్ల తుప్పు మరక.

ముగ్గురు మేస్త్రులు చూశారు. గీకి మళ్ళీ రెండు కోట్లు చాలన్నారు ఒకరు. ఇల్లంతా వాటర్‌ప్రూఫ్ రంగు అన్నారు ఇంకొకరు. మొత్తం లప్పం మళ్ళీ పెట్టాలన్నారు మూడో ఆయన. ఏది సరైనది?

తాపీపని | శుక్రవారం, రాత్రి 9:52

మూడూ ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు రాసినవి ఐదు వేర్వేరు జబ్బులు, ఐదింటికీ ఒకే మందు లేదు. రంగు డబ్బా కొనేముందు ఊడిన పెచ్చు ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. అసలు సంగతి ఆ వెనక వైపే ఉంటుంది.

వెనక ఇసుక రేణువులు అంటుకుని ఉంటే ప్లాస్టింగే పట్టు వదిలేసిందని. తెల్లగా పౌడరులా ఉంటే లప్పం గానీ పాత సున్నం గానీ వదిలేసింది. నున్నగా, పాత రంగు కనిపిస్తుంటే రెండు రంగుల మధ్య పట్టు లేదు, అంటే కడగకుండా దుమ్ము మీదే వేశారన్నమాట.

ఊడని చోట్ల టేపు పరీక్ష చేయండి. కొత్త బ్లేడుతో ప్లాస్టింగ్ తగిలేదాకా ఒకటిన్నర అంగుళం పొడవున రెండు గీతలు, కత్తెర గుర్తులా. దాని మీద పార్సిల్ టేపు గట్టిగా రుద్ది అంటించి, నిమిషంన్నర ఆగి, టేపును వెనక్కి మడిచి ఒక్క లాగుడు లాగండి. గీతలు కలిసే చోట చిన్న ముక్క వస్తే పర్వాలేదు. గీతల మధ్యదంతా టేపుతో వచ్చేస్తే ఆ గోడ మీద ఏ ఖరీదైన రంగు వేసినా పాతదాన్ని పట్టుకునే వేలాడుతుంది, దానితోనే రాలుతుంది. ప్రతి గోడకీ కింద, నడుమ, పైన మూడు చోట్ల చేయాలి. కింద చేసి పైన కూడా అంతేలే అనుకోవద్దు.

లాసన్స్‌బే మేడ | శనివారం, ఉదయం 10:35

చూశాను. తూర్పు గోడ పెచ్చుల వెనక మిల్లీమీటరు మందాన తెల్లటి పొర ఉంది. వేలితో రాస్తే ముఖానికి రాసుకునే పౌడరులా అంటుతోంది. గోడ మీద మిగిలినదాన్ని తడి వేలితో రుద్దితే పాలలా కరిగి వస్తోంది. తూర్పున మూడు చోట్లా టేపుతో ఊడింది. దక్షిణం, పడమర గట్టిగానే ఉన్నాయి.

రంగుల మేస్త్రి | శనివారం, మధ్యాహ్నం 1:15

అదేటంటే అండి, లప్పం చచ్చిపోయింది. వైట్ సిమెంటు లప్పం కూడా సిమెంటే కదా, గట్టిపడాలంటే దానికి నీళ్ళు కావాలి. తూర్పు గోడ మీద పొద్దున్న ఎండ దంచుతుంటే, గోడ తడపకుండా లప్పం లాగీసినారనుకోండి, అందులో నీళ్ళు సగం ప్లాస్టింగ్ పీల్చీసుకుంటాది, సగం ఎండకి పోతాది. మిగిలింది పొడి. దాని మీద ప్రైమరూ రంగూ పైపైన తోలు కట్టినట్టు ఉంటాయి. ఒక వానాకాలం ఆగుతాయి, రెండోదానికి రాలతాయి.

తడి వేలికి పాలలా వచ్చినంత మేర ఏదీ ఉంచకూడదు. పట్టీతో గీకీసి, వైర్ బ్రష్ కొట్టీసి, నీళ్ళతో కడిగి, ఆరాక నల్ల గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డ తెల్లబడితే ఇంకా ఉన్నట్టే, మళ్ళీ కడగాలి. గట్టిగా ఉన్న రంగు అంచుల్ని 80 నంబరు ఉప్పు కాగితంతో (గరుకు కాగితం) వాలుగా దించి, 120తో నున్నగా చెయ్యాలి. అంచు మెట్టులా ఉంచీస్తే రంగు వేశాక మ్యాపు గీసినట్టు కనిపిస్తాది, పైగా మళ్ళీ అక్కడి నుంచే లేస్తాది.

బయటి గోడకి అద్దంలాంటి నునుపు ఎందుకండీ? నా మాట వింటే తూర్పు గోడకి లప్పం పూర్తిగా మానీండి. గుంటలున్న చోట మాత్రం బయటికి వాడే యాక్రిలిక్ లప్పం సన్నగా పెట్టుకోండి. సిమెంటు లప్పమే కావాలంటే గోడ తడిపి, నీడ పడ్డాక, రెండు పూతలు కలిపినా మిల్లీమీటరున్నర దాటకుండా పెట్టాలి.

గాజువాక సివిల్ | శనివారం, సాయంత్రం 6:20

మేస్త్రి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. సముద్రం దగ్గర దానికి ఇంకోటి తోడవుతుంది, ఉప్పు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీరు పట్టి కరుగుతుంది, తగ్గగానే మళ్ళీ గడ్డ కడుతుంది. విశాఖలో తేమ రాత్రికి ఆ గీత దాటడం, మధ్యాహ్నానికి దిగడం మామూలే. రంగు కింద చిక్కుకున్న ఉప్పు అలా కరుగుతూ గడ్డకడుతూ పొరను లోపలి నుంచి తోస్తూనే ఉంటుంది.

అందుకే గీకాక కడిగే నీళ్ళు మంచినీళ్ళే అయి ఉండాలి. ఇక్కడే చాలా ఇళ్ళలో పని చెడుతోంది. బీచ్ పక్క కాలనీల్లో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. ఉప్పు వదిలించాలని ఆ బోరు నీళ్ళతోనే గోడ కడిగి, అవే నీళ్ళు రంగులో కలిపి, ప్లాస్టింగ్ అతుకులకీ అవే పోస్తే ఉప్పును మనమే తెచ్చి పూసినట్టు. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలెంతో చూపేది) బకెట్‌లో ముంచి చూడండి. 500 లోపు ఉంటే వాడండి, వేలల్లో చూపిస్తే కుళాయి నీళ్ళు పట్టించుకోండి, లేకపోతే ట్యాంకరు చెప్పించుకోండి.

ఇంకో జాగ్రత్త. ప్రైమర్ వేసి వారం వదిలేస్తే దాని మీదా ఉప్పు పేరుకుంటుంది. తూర్పు గోడకి కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసిన ఆరుదల సమయం, అంటే నాలుగు నుంచి ఆరు గంటలు ఇచ్చి అదే రోజు గానీ మర్నాడు గానీ తర్వాతి కోటు వేసేయాలి. ఆలస్యమైతే మళ్ళీ తడిగుడ్డ పెట్టి తుడిచాకే.

లాసన్స్‌బే మేడ | శనివారం, రాత్రి 8:05

బోరు 2,400 చూపించింది. కిందటిసారి పనంతా ఆ నీళ్ళతోనే జరిగింది. సరే, ఈసారి కుళాయి నీళ్ళే. మరి కింద రెండడుగుల సంగతి, బాత్రూమ్ వెనక పొక్కులు?

తాపీపని | శనివారం, రాత్రి 9:30

ముందు పొక్కు. ఒకదాన్ని బ్లేడుతో కోసి తెరవండి. లోపల ప్లాస్టింగ్ కనిపిస్తే, ముట్టుకుంటే చల్లగా ఉంటే, గోడ వెనక నుంచి నీరొస్తోంది. లోపల కింది కోటు రంగే కనిపిస్తే ఎండలో కాలిపోతున్న గోడ మీద రంగు వేశారని అర్థం. మీది బాత్రూమ్ వెనక కాబట్టి మొదటిదే అనుకుంటున్నా. బాత్రూమ్‌లో కుళాయిలన్నీ కట్టేసి మీటరు గానీ ట్యాంకు మట్టం గానీ గంటన్నర చూడండి. దిగితే పైపు కారుతోంది. దిగకపోతే నేల టైల్స్ సందులూ, నానీ ట్రాప్ (నేల మీద నీళ్ళు పోయే జాలీ) చుట్టూ సందుల్లో నింపిన గ్రౌటూ అనుమానించాలి. లోపల బాగుచేయకుండా బయట రంగు ముట్టుకోవద్దు.

ఇక కింద. తెల్లపొడిని మెత్తటి బ్రష్‌తో ఒక చెంచాడు దులిపి గాజుగ్లాసు నీళ్ళలో వేసి కలపండి. కరిగిపోతే ఉప్పు, అడుగున పేరుకుంటే లప్పం పిండి. తర్వాత అడుగున్నర చదరం పాలిథిన్ షీటు నాలుగు అంచులా టేపుతో మూసి, నీడపట్టున, కనీసం 16 గంటలు ఉంచండి. షీటు లోపలి వైపు చెమట పడితే గోడలోనే నీరుంది. బయటి వైపు తడిస్తే గాలిలోని తేమే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. నేలకు అడుగు ఎత్తులో ఒకటి, ఐదడుగుల ఎత్తులో ఒకటి పెడితే తేడా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

లాసన్స్‌బే మేడ | సోమవారం, ఉదయం 8:15

పొక్కు లోపల ప్లాస్టింగే, చల్లగా ఉంది. నానీ ట్రాప్ చుట్టూ గ్రౌట్ పోయింది. పొడి నీళ్ళలో పూర్తిగా కరిగింది. కింద పెట్టిన షీటు లోపలి వైపు నీటిబొట్లు కారుతున్నాయి, పై షీటు పొడిగా ఉంది. గోడ వారనే పూలమడి ఉంది, రోజూ నీళ్ళు పోస్తాం.

తాపీపని | సోమవారం, ఉదయం 11:40

పూలమడే కారణం. మట్టిని గోడ నుంచి రెండడుగులైనా వెనక్కి జరపండి. మిగిలిన మట్టి మట్టం ఫ్లోరింగ్ కంటే కనీసం ఆరు అంగుళాలు కిందకి దించి, గోడ వారన బయటికి వాలుగా కాంక్రీటు అప్రాన్ (నేల మీద పట్టీ) వేయండి. ఉప్పు కక్కిన ప్లాస్టింగ్‌ని, ఉప్పు కనిపించే గీతకి ఇంకో అడుగు పైదాకా కొట్టించి ఇటుక బయటపెట్టండి. ఆ రాలిన ప్లాస్టింగ్‌ని మడిలోకి తోయొద్దు, బయట పారేయించండి, అందులో ఉన్నదంతా ఉప్పే.

ఆ తర్వాత ఓపిక కావాలి. తడిసిన ఇటుక గోడ ఆరడానికి మోటు లెక్క అంగుళానికి నెల. తొమ్మిదంగుళాల గోడైతే ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి. పైకి వచ్చిన ఉప్పును వారానికోసారి పొడిబ్రష్‌తో దులిపి ఎత్తేయాలి. పొడిగా దులపకుండా ముందే నీళ్ళు కొడితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. యాసిడ్ ఎవరైనా చెప్తే వద్దనండి. సముద్రపు ఉప్పుకి యాసిడ్‌తో పని లేదు, పైగా యాసిడ్‌లోని క్లోరైడు లోపలి ఇనుముకి చేటు.

మడి తీసినా ఆరు నెలల తర్వాత కూడా షీటు చెమట పడుతుంటే అప్పుడు డీపీసీ ఇంజెక్షన్, అంటే నేల తేమ గోడలో పైకి పాకకుండా మందుతో అడ్డుపొర వేయడం. నేలకు ఆరంగుళాల పైన ఇటుక వరస మధ్య సిమెంటు పొరలో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 120 మిల్లీమీటర్లకొకటి, గోడ మందంలో చివరి అంగుళంన్నర వదిలి వేసి నీటిని అంటనివ్వని సిలేన్ క్రీమ్ నింపుతారు.

రంగుల షాపు | సోమవారం, మధ్యాహ్నం 3:05

ఇంత తవ్వకం ఎందుకండీ? రబ్బరులా సాగే ఎలాస్టోమెరిక్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఇల్లంతా రెండు కోట్లు వేస్తే 200 మైక్రాన్ల పైన మందం వస్తుంది, సన్న నెర్రెలన్నీ మూసుకుంటాయి. హుద్‌హుద్‌లాంటి గాలివాన అడ్డంగా కొట్టినా నీరు లోపలికి పోదు.

గాజువాక సివిల్ | సోమవారం, సాయంత్రం 7:45

బయటి నుంచి వచ్చే నీటికి అది మంచి మందే. పిట్టగోడకీ, సముద్రం వైపు పై అంతస్తుకీ వేయమని నేనూ చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన గోడల్లోకి సూదుల్లా దిగింది, ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఈ ఇంట్లో కింది భాగానికీ బాత్రూమ్ వెనకకీ నీరు గోడ లోపలి నుంచే వస్తోంది. దారి మూసేస్తే ఆ నీరు ఏం చేస్తుంది? పొర వెనక చేరి బుడగగా లేస్తుంది, ఈసారి పెద్ద దుప్పటిలా ఊడుతుంది. ఆ రెండు చోట్లా ఆరేవరకు రంగు లేకుండా వదిలేయడమే మంచిది. చూడటానికి బాగోకపోతే సున్నం వెల్ల వేసుకోండి, గోడ ఊపిరి పీలుస్తుంది.

పిట్టగోడ పైభాగం మర్చిపోకండి. సగం ఇళ్ళలో నీరు దిగేది అక్కడి నుంచే. పైన టెర్రస్ వైపుకి వాలు ఉండాలి, బయటికి కాదు. వాలు లేకపోతే పాలిమర్ మోర్టార్‌తో (లేటెక్స్ కలిపిన సిమెంటు, ఇసుక) వాలు కట్టి, దాని మీద కోటింగ్ రెండు పక్కలా ఆరంగుళాలు కిందకి దించాలి.

వన్‌టౌన్ పెంకుటిల్లు | సోమవారం, రాత్రి 10:10

ఇది చదివి కోటవీధి, వన్‌టౌన్ పక్క పాత ఇళ్ళవాళ్ళు పొరపడతారేమోనని రాస్తున్నా. సున్నంతో కట్టి సున్నంతో పూసిన గోడలకి ఈ ప్లాస్టిక్ రంగులూ వాటర్‌ప్రూఫ్ పొరలూ వద్దే వద్దు. ఆ గోడ నేల తేమను పీల్చి గాలికి వదులుతూనే ఇన్నేళ్ళు నిలబడింది. అతుకులు కూడా సిమెంటుతో కాకుండా సున్నం మోర్టార్‌తోనే వేయాలి. సిమెంటు అతుకు గట్టిగా ఉండి చుట్టూ ఉన్న మెత్తటి సున్నాన్ని లాక్కుని ఊడుతుంది.

లాసన్స్‌బే మేడ | మంగళవారం, ఉదయం 9:00

ఉత్తరం గోడ నల్ల చారలు నాచేనా? ఇంకా సజ్జల తుప్పు?

రంగుల మేస్త్రి | మంగళవారం, మధ్యాహ్నం 12:50

బట్టల బ్లీచ్ ఒక చుక్క చార మీద వెయ్యండి. రెండు నిమిషాల్లో తెల్లబడితే నాచు, బూజు. అలాగే నల్లగా ఉండిపోతే దుమ్ము, పోర్టు పక్క ఇళ్ళకి బొగ్గు దుమ్ము ఎక్కువ. దుమ్మయితే సబ్బునీళ్ళు చాలు. నాచయితే బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు కలిపి కొట్టి, ఎండకుండా పావుగంట ఉంచి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, ధారాళంగా కడగాలి. మొక్కల మీద షీటు కప్పండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. బ్లీచ్‌లో బాత్రూమ్ యాసిడ్ ఒక్క చుక్క కూడా కలవకూడదు, విషవాయువు వస్తాది. బతికున్న నాచు మీద రంగు వేసీసినారంటే మొదటి వానకే పైకి తేలిపోతాది.

చారలు సజ్జ కిందే మొదలయ్యాయంటే సజ్జకి అడుగున నీటిగాడి లేదు. అంచుకి ఒక అంగుళం లోపలగా, అర అంగుళం లోపు వెడల్పున గ్రైండరుతో గాడి తీయించండి. నీటిబొట్టు అక్కడ తెగి కింద పడిపోతాది, గోడ దాకా పాకదు.

గాజువాక సివిల్ | మంగళవారం, సాయంత్రం 8:30

గాడి తీసేముందు సజ్జలో ఊచ ఎంత లోతులో ఉందో చూడండి, లేకపోతే గ్రైండరు దాన్నే తాకుతుంది. కాంక్రీటుకి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 లెక్కన సముద్రతీరంలో 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచ మీద కాంక్రీటు మందం, ఉండాలి. సన్నటి సజ్జల్లో అంత ఎక్కడా కనిపించదు. అందుకే తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. కవరు తక్కువుంటే గాడి మానేసి, అంచుకి అల్యూమినియం గానీ పీవీసీ గానీ డ్రిప్ పట్టీ సీలెంట్‌తో అంటించండి.

తుప్పు మరక మీద రంగు వేయడం దండగ. తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటునే పగలగొడుతుంది. చిన్న సుత్తితో తట్టండి. డొల్లగా మోగినంత మేర సుద్దముక్కతో గీయండి. ఆ గీత వెంట గ్రైండరుతో అర అంగుళం లోపు లోతున నిటారు అంచు కోసి, లోపలి కాంక్రీటు ఊచ వెనకకి 20 మిల్లీమీటర్ల వరకు చెక్కాలి. ముందు వైపు మాత్రమే శుభ్రం చేసి పూస్తే వెనక తుప్పు అలాగే ఉండి మళ్ళీ పగులుతుంది. ఊచ మెరిసేదాకా వైర్ బ్రష్, వెంటనే జింక్ ప్రైమర్. తర్వాత ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు పెంచే రబ్బరు పాలలాంటి ద్రవం), సిమెంటు కలిపిన పూత వేసి, అది ఇంకా జిగటగా ఉండగానే సిమెంటు ఒకటికి ఇసుక మూడు పాళ్ళ పాలిమర్ మోర్టార్. అడుగు వైపు పని కాబట్టి ఒక్కో పొర అర అంగుళం లోపే, ఎక్కువ పెడితే జారుతుంది. రెండు రోజులు తడి గోనెపట్టా, తర్వాత గాలికి వదిలేయాలి. ఊచ పావు వంతుకు మించి సన్నబడి ఉంటే పని ఆపి ఇంజనీరుకు చూపించండి.

కిటికీ గ్రిల్స్ పాత ఎనామెల్ పెయింటుతో ఉంటే వాటిని పొడిగా రుద్దించొద్దు. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 పాళ్ళు) మించకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వాటిలో సీసం ఉండొచ్చు. తడిపి రుద్ది, ఆ తుక్కును గుడ్డతో ఎత్తేయండి, పిల్లలు ఆ పక్కకి రాకుండా చూడండి.

లాసన్స్‌బే మేడ | బుధవారం, ఉదయం 7:50

చివరిగా రంగు లెక్క, ఏ నెలలో వేయాలి? చుట్టుకొలత 140 అడుగులు, ఎత్తు 22.

రంగుల షాపు | బుధవారం, ఉదయం 11:20

140ని 22తో గుణిస్తే 3,080. తలుపులూ కిటికీలూ పదో వంతు తీస్తే సుమారు 2,770 చదరపు అడుగులు. రెండు కోట్లకి లీటరుకి 50 చొప్పున 55 లీటర్లు: ఇరవైవి రెండు, పది ఒకటి, నాలుగు ఒకటి, లీటరు ఒకటి. కింద రెండడుగులు ఆరేవరకు వేయరు కాబట్టి లీటరుదీ నాలుగుదీ తర్వాతే కొనండి. ఒక గోడకి వాడే బకెట్లు ఒకే బ్యాచ్ నంబరువి తీసుకుని, పెద్ద డ్రమ్ములో కలిపాకే మొదలెట్టండి. లేకపోతే గోడ మధ్యలో షేడు మారుతుంది. గీకిన తూర్పు గోడకి మామూలు ప్రైమర్ బదులు లోపలికి ఇంకే యాక్రిలిక్ ప్రైమర్ తీసుకోండి.

రంగుల మేస్త్రి | బుధవారం, మధ్యాహ్నం 1:30

నీళ్ళ కొలత దగ్గర కాపలా ఉండండి. డబ్బా మీద 40 శాతం అని ఉంటే 20 లీటర్ల బకెట్‌కి 8 లీటర్లు, అంతే. సగానికి సగం నీళ్ళు పోసీసి మూడు కోట్లు వేశాం అంటారు, రోలరు జారుగా నడుస్తాది, గోడ మీద మిగిలేది పలచటి పొరే. ఏడాది తిరిగేసరికి చెయ్యి రాస్తే పిండి.

పని డిసెంబరు సగం నుంచి మార్చి దాకా. అక్టోబరు, నవంబరులో తుపానుల భయం. సంక్రాంతికి ముందు మేస్త్రులు దొరకరు, కాబట్టి గీకడం కడగడం డిసెంబరులో పూర్తిచేసి, రంగు పండగ వెళ్ళాక పెట్టుకోండి. ఆలోగా కొత్త ప్లాస్టింగ్ అతుకులకి 28 రోజులు కూడా నిండుతాయి. రోజూ నీడ వెంట తిరుగుతూ పని చెయ్యాలి: పొద్దున్న పడమర, మధ్యాహ్నం తర్వాత తూర్పు. తూర్పు గోడ మాత్రం మూడున్నరకల్లా ఆపీండి. చలికాలం సాయంత్రం పడే మంచు, ఆరని రంగు మీద దిగితే కన్నీటి చారల్లా జిగట మరకలు వస్తాయి. వస్తే కంగారు పడి మళ్ళీ కోటు వెయ్యొద్దు, ఆరాక ఒట్టి నీళ్ళతో కడిగితే పోతాయి.

లాసన్స్‌బే మేడ | బుధవారం, రాత్రి 9:15

వరస ఇలా రాసుకున్నాను: ఈ వారం నానీ ట్రాప్ గ్రౌటు, పూలమడి. తర్వాత సజ్జలు, పిట్టగోడ వాలు. తూర్పు గోడ గీకుడు డిసెంబరులో, రంగు పండగ తర్వాత. కింది ప్లాస్టింగ్ ఇప్పుడే కొట్టించి ఇటుక ఆరబెడతాను.

తాపీపని | బుధవారం, రాత్రి 9:40

సరిగ్గా ఉంది. ఇటుక బయటపెట్టాక నెలకోసారి అదే చోట పాలిథిన్ షీటు పెట్టి, తేదీ వేసి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రెండుసార్లు వరసగా లోపలి వైపు పొడిగా వచ్చాకే ప్లాస్టింగ్‌కి ఇసుక దింపించండి. అది నదీ ఇసుకో, కడిగిన రాతి ఇసుకో అయి ఉండాలి, సముద్రపు ఇసుక గుప్పెడు కూడా కలవకూడదు.